గొట్టం కింద చెక్కముక్క

ఇడా రైఫిల్ గొట్టంలోకి నూనెగుడ్డ దూర్చి లాగుతోంది. మోంటానా కొండల్లో తుపాకులు బాగుచేసే విధవరాలని ఊరికి తెలుసు. డబ్బిస్తే ఏమీ అడగదని విదేశీ ముఠాకు తెలుసు. ప్రభుత్వ ఏజెంటని చీఫ్ ఒక్కడికే తెలుసు.

పొద్దున చీఫ్ ఫోన్ చేసి, “దుప్పి మాంసం పంపనా?” అన్నాడు. ముఠా వస్తోంది, ముసుగు తొలగకుండా వాళ్ళ పని చెడగొట్టు అని అర్థం.

మధ్యాహ్నానికి వచ్చారు. నక్కతోలు కాలరు, ఎర్రటి పెదాలు వెరావి. వెనక గ్రిఫ్, చేతిలో ఏనుగుల్ని కొట్టే రైఫిల్.

“రేపు ఒక శాస్త్రవేత్త కారు మీద కాల్చాలి. కిటికీ అద్దం మందం, అందుకే ఇది. అద్దం కింది అంచునే తల ఉంటుంది. గురి కుదిర్చిపెట్టు,” అన్నాడు గ్రిఫ్.

“నువ్వే కొట్టి చూసుకోవచ్చుగా.”

వెరా నవ్వింది. “పోయినసారి బల్ల దగ్గర కూర్చుని కొట్టాడు, తుపాకీ వెనక్కి తన్ని కనుబొమ్మ చీరుకుపోయింది. నిలబడితే ఒళ్ళు వెనక్కి పోతుంది. బల్లకి ఆనుకుంటే ఎటు పోతుంది పాపం?”

“నోర్ముయ్.”

పెరట్లో బల్ల దగ్గర ఇడా భుజానికీ తుపాకీ మడమకీ మధ్య సీసపు గుళ్ళ సంచి పెట్టుకుంది.

“ఆడవాళ్ళ దిండా అది?”

“నీ కనుబొమ్మనడుగు.”

బల్ల పక్కన వెండెల్ నిలబడ్డాడు, చనిపోయినప్పటినుంచీ నిలబడుతున్నట్టే. అతనూ ఏజెంటే, ఆమె భర్త. పోయిన శరత్తులో ఈ బల్లమీదే ఆమె ముఠాకు ఒక రైఫిల్ నిఖార్సుగా సరిచేసి ఇచ్చింది, ఎవరికోసమో తెలియకుండా. ఆ గుండు వెండెల్‌కు తగిలింది.

ఈ పని నేర్పింది అతనే. గొట్టం కిందుండే ముందరి కర్ర మెత్తని ఇసుక సంచి మీద ఆనాలి. గొట్టం గట్టిదాని మీద ఆనితే తుపాకీ ఎగిరిపడి గుండు పైకి పోతుంది.

ఇడా గొట్టాన్ని చెక్కముక్క మీద ఆనించింది. పైకి పోతున్న గుండుకు తగ్గట్టు గురిని కిందికి దించింది. భుజం అదిరింది. కడపటి మూడు గుళ్ళూ వెండి డాలరు కప్పేంత చోట, నడిమధ్యన పడ్డాయి.

ఆ కాగితం చూసి గ్రిఫ్ ఈల వేశాడు. తుపాకీ దేనిమీద ఆనిందో అడగలేదు. రేపు అతను మడిచిన కోటు మీద ఆనిస్తాడు. గుండు జానెడు కిందికి, తలుపు ఉక్కులోకి పోవాలి. పోకపోతే ఇంకో వెండెల్.

మర్నాడు వెరా వంటింట్లో కూర్చుంది, కాఫీ కప్పు పక్కన పిస్తోలు. “పనయ్యేదాకా నిన్ను కనిపెట్టుకుని ఉండమన్నారు.”

రేడియో చెప్పింది: గుండు కారు తలుపులో ఇరుక్కుంది, శాస్త్రవేత్త క్షేమం, కాల్చినవాడు దొరికాడు.

ఇడా చెయ్యి కూరగాయల కత్తివైపు జరిగింది. వెరా పిస్తోలు తీసి సంచిలో వేసుకుంది.

“వద్దులే అమ్మాయ్. నేనూ చీఫ్ మనిషినే. నిన్న ఆ చెక్కముక్క చూశాకే నువ్వెవరో తెలిసింది.”

“ముఠాలో ఎన్నాళ్ళనుంచి ఉన్నావు?”

“మూడేళ్ళు.”

ఇడా రేడియో కట్టేసింది. “అయితే పోయిన శరత్తులో ఆ తుపాకీ ఎవరికోసమో నీకు తెలుసు.”

వెరా కాఫీ కప్పులోకి చూసింది. చేతి తొడుగులు ఒక్కొక్క వేలే సర్దుకుంటూ వేసుకుంది. లేచింది. ఇంట్లోంచి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా, ఎంతో మర్యాదగా వేసింది.