బొమ్మలో లేని గీత

రవిబాబు శవం ఉదయం ఏడింటికి సీలేరు డ్యామ్ ప్రాజెక్టు కాలనీ గెస్ట్‌హౌస్ వెనక దొరికింది. గుండెలో ఒకే బుల్లెట్. అరచేతిలో బాల్‌పెన్ను రాత: 'గీతలు లెక్కపెట్టు. 11 గంటలు.'

తొమ్మిదిన్నరకి అతని సహచరుడు, ఏజెంట్ సర్వేశ్వరరావు, టెలిఫోన్ లైన్‌మన్ వేషంలో వచ్చి, చీఫ్ ఇంజనీర్‌కి మాత్రం గుర్తింపు కార్డు చూపించి, అతని గదిలో నిలబడ్డాడు. గోడ నిండా డయాగ్రమ్. ప్రాజెక్టులోని ప్రతి కంప్యూటరూ ఒక డబ్బా. ఏది దేనితో మాట్లాడుతుందో చూపే రంగురంగుల గీతలు. అన్నీ చేరేది ఒక్క ఎర్ర డబ్బాకి: డ్యామ్ గేట్ల సర్వర్.

"దీన్ని గోడకెందుకు తగిలించారు?"

"మంత్రిగారొస్తే చూపించడానికి సార్. లామినేషన్ కూడా..."

"ఎక్కడ పొడవాలో శత్రువుకి రంగులేసి మరీ చూపించారు! గేట్లన్నీ ఒక్కసారే లేస్తే?"

చీఫ్ కిటికీలోంచి కిందికి చూశాడు. "ఇవాళ కింద ఏటి ఒడ్డున సంత సార్. రెండు వేల మంది."

డయాగ్రమ్ గీసింది కన్సల్టెంట్ జయశ్రీ. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఎవరినైనా కరిగించే నవ్వు. విదేశీ ముఠాలో మన తరఫున చొరబడిన గూఢచారి అని హెడ్‌క్వార్టర్స్ ఫైలు చెబుతోంది. ఫైళ్లను నమ్మే రవిబాబు ఇప్పుడు లేడు.

బొమ్మ ఆమె గీసింది. దానికి ఆధారమైన కనెక్షన్ల పట్టీ మాత్రం సాఫ్ట్‌వేర్ దానంతటదే తయారుచేసింది. సర్వేశ్వరరావు పట్టీ ప్రింటు తీయించి, ఒక్కో వరుసనీ గోడ మీది గీతతో సరిచూశాడు. పది యాభైకి తేలింది. పట్టీలో యాభై ఎనిమిది. గోడ మీద యాభై ఏడు. గీయనిది ఒక్కటే: గెస్ట్‌హౌస్ మూడో గది మోడెమ్ నుంచి గేట్ల సర్వర్‌కి.

మూడో గది జయశ్రీది.

పరిగెత్తాడు. వరండా ఊడుస్తున్న అసిరమ్మ అడ్డొచ్చింది.

"ఏటి బాబూ, ఆ పరుగు?"

"ఈ గదికి ఫోన్ తీగ ఏది?"

"రెండున్నాయి బాబూ. ఆ నల్లది మొన్న ఈ గదిలో ఉన్న గుంటే ఏయించుకుంది. ముట్టుకుంటే సంపేత్తానంది."

పది యాభై తొమ్మిది. లైన్‌మన్ సంచిలోంచి తీసిన కటింగ్ ప్లయర్ నల్ల తీగను కొరికేసింది.

"కోసేసినావా! సీఫ్ గారు తిడతారు బాబూ!"

తలుపు భళ్లున తెరుచుకుంది. జయశ్రీ చేతిలో పిస్తోలు. వెనక లాప్‌టాప్ మీద 'కనెక్షన్ తెగింది'.

"నేను మీ మనిషిని, సర్వేశ్వరరావ్."

"ఆ మాట నమ్మే రవిబాబు నీ ఎదురుగా నిలబడ్డాడు. గుండెలో కాల్చావు."

ఆమె వేలు బిగిసింది. అసిరమ్మ చీపురు కర్ర మణికట్టు మీద పడింది. పిస్తోలు పక్కనే ఉన్న గచ్చు తుడిచే నీళ్ల బకెట్లో మునిగింది.

"తుడిసిన గచ్చు మీద సెప్పులేటే!" అంది అసిరమ్మ.

మధ్యాహ్నం జయశ్రీని జీపెక్కిస్తుంటే చీఫ్ ఇంజనీర్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"ఆ ఒక్క గీత కూడా వేయించి, కొత్త డయాగ్రమ్‌కి ఫ్రేము కట్టిద్దామా సార్?"

"కట్టించండి. గోడకి కాదు, మీ మెడకి."