సారమ్మ అడిగిన మూడో గీత

నిదానం గది తలుపు వారానికొక్కసారే తెరుస్తారు. ఆ సోమవారం తెరవగానే ఏసోబు బయటికొచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఇడ్లీ బండి ఉందా, ఎత్తేశాడా?" అని అడిగాడు. అతని లెక్కన లోపలికి వెళ్ళింది నిన్ననే. బయట మాత్రం ఏడు రోజులు గడిచిపోయాయి.

గుంటూరు శివార్లలో ఆ గది కట్టి పద్నాలుగేళ్ళయింది. మామూలు కోల్డ్ స్టోరేజీ మిర్చిని చల్లగా ఉంచుతుంది, అంతే. ఇది కాలాన్నే నెమ్మది చేస్తుంది. గోడల్లోని కాయిల్స్ పుట్టించే ఫీల్డ్ వల్ల లోపల ఒక రోజు గడిచేసరికి బయట వారం గడుస్తుంది. ఏడాది దాచిన కాయకి యాభై రెండు రోజుల వయసే ఉంటుంది, రంగూ ఘాటూ ఎక్కడికీ పోవు. కనిపెట్టిన డాక్టర్ సుభాషిణికి దేశదేశాల్లో పేరొచ్చింది. అయితే బస్తాలు వాటంతట అవి దొర్లవు కదా! వాటిని తిరగేసి, ఒకదాని మీదొకటి పేర్చి మళ్ళీ నెట్టు కట్టడానికి మనిషి లోపలికి వెళ్ళాలి. మొదటి రోజు నుంచీ ఆ మనిషి ఏసోబే. ఒక వారం గదిలో, ఒక వారం ఇంట్లో.

ఆ మధ్యాహ్నం ఏసోబు భార్య సారమ్మ ల్యాబ్‌కి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడంగారూ, మొన్న మా ఆయన ఇంట్లో ఉన్న ఆదివారం ఇద్దరం చర్చికెళ్ళాం. కొత్తగా వచ్చిన పాస్టరుగారు నన్ను చూసి, మీ అక్కగారా అని ఆయన్ని అడిగారు."

సుభాషిణికి నవ్వు రాబోయి ఆగిపోయింది. "పెళ్ళప్పుడు మీ ఇద్దరికీ ఎంత తేడా?"

"నాకంటే నాలుగేళ్ళు పెద్ద."

సుభాషిణి మనసులోనే లెక్క కట్టింది. పద్నాలుగేళ్ళలో ఏసోబుకి గడిచింది ఇంట్లో ఏడు, గదిలో ఒకటి, మొత్తం ఎనిమిదేళ్ళే. అంటే ఇప్పుడు సారమ్మే రెండేళ్ళు పెద్ద. ఇన్నేళ్ళూ కాయ వయసు చూసుకుందే తప్ప కాయ మోసేవాడి వయసు ఆమెకి ఎప్పుడూ తట్టలేదు. సిగ్గేసింది.

"ఆయనకి చెబితే బుర్రకెక్కదు. మీరేవో గీతలు గీస్తారంట కదా, ఆయన కంటికి ఆనేట్టు గీసివ్వండి," అంది సారమ్మ.

కాయ వయసు చూసుకునే సుభాషిణి చార్టుకి అప్పటిదాకా రెండే అడ్డగీతలు. కింది గీత మీద బయటి రోజులు, పై గీత మీద గది రోజులు. ఏసోబు కాలం ఈ రెండిట్లో ఇమడదు. అతను ఒక వారం కింది గీత మీద నడుస్తాడు, మరుసటి వారం పై గీత ఎక్కుతాడు. అతనికి మూడోది కావాలి. స్ప్రెడ్‌షీట్ చూస్తే పిసినారిది, రెండు అడ్డగీతలకి మించి ఇవ్వదు. దానికో దొడ్డిదారి ఉంది. అన్నీ సున్నాలతో ఒక ఉత్తుత్తి వరుస వేస్తే అది చార్టు అడుగున బల్లపరుపుగా పడుకుంటుంది. దాని చుక్కల కింద మనక్కావలసిన అంకెలు రాసుకుంటే అదే మూడో అడ్డగీత.

ఇంటి వారాల్లో అతని అంకెలు కింది గీతతో సమానంగా నడిచాయి. గది వారాల్లో మాత్రం ఏడు గళ్ళ పొడవునా అతనికి ఒకే అంకె. ఆ ఏడు గళ్ళలోనూ ఇంట్లో ఏ రోజు ఏం జరిగిందో సారమ్మ చెప్పి రాయించింది. ఒక్క ఏడాదికే కాగితం గోడంత వచ్చింది.

మర్నాడు ఏసోబు ల్యాబ్ గోడకి అంటించిన ఆ కాగితం దగ్గర నిలబడి వేలు పెట్టి చదివాడు. "మంగళవారం జ్వరం. బుధవారం జ్వరం. గురువారం పక్కింటావిడ జావ కాచి ఇచ్చింది... ఇదెప్పుడే?"

"వానల్లో."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పా. జొరమొచ్చి తగ్గిందన్నా. మంచిదన్నావు."

అతని వేలు ఆ ఒక్క అంకె మీదే ఉండిపోయింది. "మేడంగారూ, నేనింక లోపలికి పోను," అన్నాడు చివరికి.

"అయితే నన్ను పంపండి," అంది సారమ్మ.

ఇద్దరూ ఆమె వంక చూశారు.

"బస్తాలు మోయడానికి వేరే వాళ్ళున్నారు. తొడిమలు తీయడం, రంగు పోయిన తాలు కాయలు ఏరడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన పనేగా."

"ఇద్దరూ బయటే ఉంటే తేడా ఇంక పెరగదు కదమ్మా!" అంది సుభాషిణి.

"పెరగదు. పోయిన ఆరేళ్ళు నాకెవరిస్తారు? ఈయన నాకంటే నాలుగేళ్ళు పెద్దయ్యేదాకా వారం విడిచి వారం నేనెళతా."

దానికి మళ్ళీ పద్నాలుగేళ్ళు పడుతుందని సుభాషిణి చెప్పింది. సారమ్మ తలూపింది. సుభాషిణి ఆమెని పనిలోకి తీసుకునే కాగితం మీద సంతకం పెట్టింది.

ఆ వచ్చే సోమవారం సారమ్మ లోపలికి వెళ్ళింది. మంగళవారం ఏసోబు గది కిటికీ దగ్గరికొచ్చాడు. ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుంటోంది. అంత చిన్న పనికి చాలాసేపు పట్టింది, అతను కదలకుండా మొత్తం చూశాడు. బుధవారం అన్నం మాడ్చాడు. గురువారం గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకున్నాడు. శనివారం ఇంట్లో గోడలతో మాట్లాడుతున్నానని తెలుసుకుని భయపడిపోయాడు. ఆదివారం చర్చిలో ఒక్కడే కూర్చున్నాడు.

సోమవారం తెల్లారకముందే ఆటో మాట్లాడుకుని తలుపు దగ్గరికి చేరాడు. చెప్పాల్సినవన్నీ వరసగా గుర్తు పెట్టుకున్నాడు. సారమ్మ ఒంటినిండా మిర్చి ఘాటుతో, మంచి నిద్రపోయిన కళ్ళతో బయటికొచ్చింది. ఆటోలో కూర్చున్నప్పటి నుంచీ ఆమే మాట్లాడింది. లోపల పని సుఖంగా ఉందట, ఎండ లేదట.

"లెక్కేసుకున్నానయ్యా," అంది ఉత్సాహంగా. "మొత్తం మూడు వందల అరవై నాలుగు సార్లు పోవాలి. ఒకటైపోయింది. ఇంక మూడు వందల అరవై మూడు రోజులే. ఏడాది కూడా లేదు!"

ఏసోబు వేళ్ళు మడుస్తూ ఆ అంకెని వారాల్లోకి మార్చాడు. ఆమెకి రోజైతే తనకి వారం; ఆమె లేకుండా దాదాపు ఏడేళ్ళు వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి మడిచాడు, అంతే వచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆటో కాసేపు ఆపమందామా?" అన్నాడు.

"ఎందుకయ్యా, ఇంటికేగా పోతున్నాం?"

"ఊరికే. కాసేపు."