వెచ్చటి పల్లం

ఆ కొండమీది ఊరి వాతావరణాన్ని నమ్ముకున్నవాడు గొడుగూ కంబళీ రెండూ మోసుకు తిరగాలి. వీధికి ఈ చివర ఎండ కాస్తుంటే ఆ చివర పళ్ళు కొట్టుకునే చలి. హోటల్ వెనక పల్లం మరీ విడ్డూరం. ఊరంతా వణుకుతున్నా అక్కడ గోరువెచ్చగా ఉండేది. అందుకే హోటల్ దుప్పట్లన్నీ అక్కడే ఆరేసేవారు.

ఆ పని చేసే ఆవిడని అందరూ దుప్పట్లక్క అనేవారు. మొగుడు పోయాక హోటల్ వెనక గదే ఆమెకు ఇల్లు. చలికాలం హోటల్ మూసేస్తే పలకరించే దిక్కు కూడా ఉండదు. గోడలతో మాట్లాడీ మాట్లాడీ ఆమెకు విసుగెత్తిపోయింది.

ఈ ఏడు తమ్ముడు జీపు వేసుకుని వచ్చాడు. "మా ఇంట్లో నీకు గది సర్దాం. అత్త ఎప్పుడొస్తుందని పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు," అన్నాడు. మర్నాటి నుంచి చలికాలమంతా ఘాట్ రోడ్డు మూసేస్తారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మూట జీపులో పడేసి, ఆఖరి దుప్పట్లు తెచ్చేందుకు మెట్లమీదుగా పల్లంలోకి దిగింది.

సగం మడతపెట్టేసరికి పొగమంచు కమ్మింది. పట్టపగలే చాచిన చెయ్యి కనబడలేదు. తడి మట్టి వాసన. అలాంటప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ అడుగు కదపరు, పక్కనే లోయ ఉంది మరి. నిలబడ్డచోటే నిలబడి, "ఉన్నా" అని ఒకరికొకరు కేకేసుకుంటారు.

పైనుంచి తమ్ముడి కేక వినిపించింది. "అక్కా, ఉన్నావా?"

ఆమె నోరు తెరిచేలోపే, పక్క దుప్పటి వెనకనుంచి జవాబు వెళ్ళింది.

"ఉన్నాన్రా. వచ్చేస్తున్నా."

అది ఆమె గొంతే.

దుప్పటి కదిలింది... తడి నేల మీద అడుగులు... తడబడకుండా మెట్లెక్కుతున్నాయి.

"తమ్ముడూ..." అని అరిచింది. ఎటు అడుగేస్తే లోయో తెలియదు.

పైన అప్పటికే ఎండ వచ్చినట్టుంది. మంచు పల్లంలోనే మిగిలింది. జీపు తలుపు పడిన చప్పుడు.

"కింద ఎవరో పిలిచినట్టుందక్కా," అన్నాడు తమ్ముడు.

"ఎవరూ లేరురా. పోనీయ్."

తర్వాత ఒక నవ్వు. అదీ ఆమెదే.

"ఎన్నాళ్ళకి నవ్వావక్కా," తమ్ముడి గొంతు సంతోషంతో వణికింది.

"పిల్లలు..." మెల్లగా అడిగింది ఆ గొంతు. "రాత్రికి నా పక్కనే పడుకుంటారుగా?"

జీపు కదిలింది.