గాలి చొరని పెట్టె

సుబ్బరాజు ఆ ఐస్‌పెట్టెను లండన్ పక్కన హేస్‌లో, తన ఇంటి గరాజ్‌లో, 2014 ఎండాకాలమంతా కూర్చుని కట్టాడు. నేను లీసెస్టర్‌లో నర్సుని. డ్యూటీ రోటాలో శనాదివారాలు ఖాళీ దొరికితే వెళ్ళి వాడికి చెక్క పట్టుకునేవాణ్ణి. ఒకప్పుడు ఇద్దరం లీసెస్టర్‌లోనే ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. వాడిది భీమవరం పక్క పల్లె, నాది కాకినాడ. నా పేరు ప్రేమ్‌నాథ్, వాడికి మాత్రం ఎప్పుడూ ప్రేమూనే.

వాడికి వేట పిచ్చి. వాళ్ళ తాత కొల్లేట్లో పిట్టల్ని కొట్టేవాడట. ఇక్కడ ఎయిర్‌పోర్టు గోడౌన్‌లో ఉద్యోగం కుదిరాక తుపాకీ లైసెన్సు తెచ్చుకుని, ఏటా చలికాలంలో స్కాట్లాండ్ కొండలకు దుప్పి వేటకు పోయేవాడు. అంతకుముందు ఏడు కొన్న ఐస్‌పెట్టె వాణ్ణి ముంచేసింది. దారిలోనే ఐసంతా కరిగి, మాంసం నెత్తుటి నీళ్ళలో నాని, ఇంటికొచ్చేసరికి ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. వాడి భార్య కస్తూరి మాంసాన్ని పెట్టెతో సహా బయట పారేయించింది.

"కొట్లో అమ్మేవన్నీ పిక్నిక్ పెట్టెలు రా. దుప్పి తొడ నిలువునా పట్టదు. ఈసారి మనమే కడదాం," అన్నాడు.

కట్టాడు. బయట మందపాటి ప్లైవుడ్, మధ్యలో ఇళ్ళ గోడల్లో వేసే పసుప్పచ్చ ఫోమ్ పలకలు, లోపల తెల్లటి ఫైబర్ పూత. రెండు దుప్పులు పట్టేంత పొడవు. మూత చుట్టూ ఫ్రిజ్ తలుపుకుండేలాంటి రబ్బరు పట్టీ. బయట లారీ తలుపులకు వేసే ఇనప గొళ్ళేలు. కరిగిన నీళ్ళు పోవడానికి అడుగున బెజ్జం పెట్టమన్నాను.

"బెజ్జం పెడితే చల్లదనం అక్కణ్ణుంచే జారిపోద్ది. ఐసు పాలసీసాల్లో గడ్డకట్టించి పెడితే నీళ్ళెక్కడివి?" అని కొట్టిపారేశాడు.

అయిపోయిన రోజున ఒక అగరొత్తి వెలిగించి లోపల నిలబెట్టి మూత వేశాడు. ఇద్దరం అంచులన్నీ వాసన చూశాం. ఏమీ రాలేదు. కాసేపాగి తెరిస్తే అగరొత్తి సగంలోనే ఆరిపోయి ఉంది. వాడి మొహం వెలిగిపోయింది. "చూశావా? గాలి కూడా చొరబడదు."

ఐదేళ్ళ కూతురు అపూర్వ అందులోకి ఎక్కబోతే మాత్రం రెక్క పట్టుకుని లాగేశాడు. "మూత పడితే లోపల్నుంచి రాదమ్మా," అన్నాడు. వాడు ఆ పిల్లను గట్టిగా కోప్పడడం నేను చూసింది అదొక్కసారే.

నవంబరులో బయల్దేరాం. వేటలో అది నాకు మొదటిసారి. ఆ ఎస్టేటులో వేట జంతువుల్ని చూసుకునే గేమ్‌కీపర్ ఒక ముసలాయన. మమ్మల్నీ పెట్టెనీ తన బండిలో లోయ చివరున్న రాతి గుడిసె దగ్గర దించాడు. ఎక్కడ తిరగొచ్చో చూపించి, మర్నాడు పొద్దున్నే వస్తానని వెళ్ళిపోయాడు. ఫోన్లకు సిగ్నల్ లేదు. చుట్టూ గోధుమరంగు గడ్డి, బురద, కిందగా జారే మబ్బు. ఎక్కడో ఒక వాగు చప్పుడు.

మధ్యాహ్నానికల్లా రాజు ఆడ దుప్పిని కొట్టాడు. ఒకటే తూటా. అక్కడే పొట్ట చీల్చి, తాళ్ళతో కిందికి లాక్కొచ్చాం. గుడిసె వసారాలో వాడే తోలు వలిచి, ముక్కలు చేసి, ఐసు సీసాల మధ్య సర్దాడు. పచ్చి నెత్తురు వాసన, తడి గడ్డి వాసన. మూత వేసి గొళ్ళేలు ఇద్దరం కలిసే బిగించాం.

అప్పుడు చూసుకున్నాడు, మెడలో బైనాక్యులర్స్ లేవు.

"పైనే వదిలేశాను. వెలుతురుండగానే తెచ్చేస్తా. నువ్వు టీకి నీళ్ళు పెట్టు," అంటూ కొండెక్కాడు.

నేను బకెట్ తీసుకుని వాగుకి వెళ్ళాను. ఆ కొండల్లో నవంబరు పొద్దు మనం టీ తాగే వేళకే కుంగిపోతుంది. తిరిగొచ్చేసరికి కొండ కనబడలేదు, గుడిసె మాత్రం నల్లగా ఉంది. వాగు చప్పుడు ఆగిపోయినట్టనిపించింది. ఆగి విన్నాను. నిజంగానే ఏ చప్పుడూ లేదు.

వసారాలో రాజు కూర్చుని ఉన్నాడు. పెట్టె మీద.

"అప్పుడే వచ్చేశావేంట్రా? దొరికాయా?"

"దొరికాయి," అన్నాడు.

మెడలో లేవు. జేబులో పెట్టుకున్నాడేమో అనుకున్నాను. లోపల పొయ్యి రాజేసి పిలిచాను. రాలేదు. లాంతరు పట్టుకుని వసారాలోకి వచ్చాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. కోటు నిండా తడి.

"లోపలికి రా. చచ్చిపోతావ్ ఈ చలికి."

"ఇక్కడ బాగుంది."

అప్పుడు వినబడింది. టక్... టక్. చెక్క లోపల్నుంచి.

నేను వాడి మొహం చూశాను. వాడు నవ్వాడు. "దుప్పి రా. చచ్చాక నరాలు బిగుస్తాయి. కదులుతుంది."

ముక్కలు చేసిన దుప్పి ఎలా కదులుతుంది? మళ్ళీ టక్... ఈసారి గట్టిగా. తర్వాత ఒక గొంతు. మందపాటి దుప్పట్లన్నీ కప్పుకుని ఎవరో అరుస్తున్నట్టు.

"ప్రేమూ..."

అది రాజు గొంతు. నా ఎదుట కూర్చున్న రాజు పెదవులు కదల్లేదు.

"ప్రేమూ... మూత తియ్యి రా... గాలి లేదు..."

నేను గొళ్ళెం మీద చెయ్యి వేశాను. వాడి చెయ్యి నా చేతి మీద పడింది. తడి గ్లవ్. బరువు.

"తియ్యకు," అన్నాడు గుసగుసగా. "నేను కొండ మీదున్నప్పట్నుంచి అది నాలాగే పిలుస్తోంది. అందుకే వచ్చి దీని మీద కూర్చున్నా. తీశావంటే ఇద్దరం అయిపోతాం."

వాడి కళ్ళల్లో భయం కనిపించింది. నిజం భయమే అనుకున్నాను. ఆ పెట్టెకు నేనూ కలిసే గొళ్ళేలు బిగించాను, దుప్పి మాంసం తప్ప అందులో ఏమీ లేదు, అది నా కళ్ళతో చూసిందే. మరి లోపలున్నదెవరు? మనిషిని నమ్మాలా, గొంతుని నమ్మాలా? ప్లైవుడ్‌కి చెవి ఆనించాను. గోళ్ళతో గీరుతున్న చప్పుడు. ఎగశ్వాస.

"నువ్వు రాజువైతే చెప్పు," అన్నాను చెక్కతో. "అపూర్వ పుట్టిన రోజు హాస్పిటల్‌కి నేనేం తెచ్చాను?"

పెట్టె మీదున్నవాడు వెంటనే చెప్పాడు. "ఆవకాయ అన్నం. కస్తూరికి కాదు, నాకు. కారు పార్కింగ్‌లో కూర్చుని తిన్నాం."

నిజమే.

లోపల్నుంచి జవాబు రాలేదు. దగ్గు... ఒక ఊపిరి... ఇంకొకటి... మధ్యలో చాలా ఎడం. "ఆ..." అని వినబడింది. ఆ తర్వాత ఏదో అనబోయి ఆగిపోయింది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దేవుడు నన్ను క్షమించడు. వెనక్కి తీసుకున్నాను.

అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. టక్ టక్‌లు పలచబడ్డాయి. లాంతరు వెలుతుర్లో నా ఊపిరి తెల్లగా పొగలా పోతోంది. ఎదురుగా వాడు నోరు తెరిచే ఉన్నాడు. వాడి నోటి ముందు ఏమీ లేదు.

పొగ లేదు.

ఊపిరి లేదు.

"లే," అన్నాను. "లే రా... లే..."

భుజాలు పట్టుకుని తోశాను. బండరాయిని తోసినట్టుంది. ఏడుస్తూ తోశాను, తన్నాను. వాడు తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. నన్ను కాదు, తన కింద ఉన్న చెక్కని. లోపల అంతా సద్దుమణిగేదాకా విన్నాడు.

అప్పుడు తనంతట తనే లేచాడు.

"ఇక తియ్యొచ్చు," అన్నాడు.

గొళ్ళేలు విప్పేటప్పుడు నా వేళ్ళు తెగాయి. మూత లేపితే లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడైంది. మాంసం మీద, ఐసు సీసాల మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని సుబ్బరాజు. పెదవులు నీలం. మెడలో బైనాక్యులర్స్. ఒంట్లో ఇంకా వెచ్చదనం ఉంది.

బయటికి లాగి, నేల మీద పడుకోబెట్టి గుండె మీద నొక్కాను. నా ఉద్యోగమే అది. ఎంతోమందికి చేశాను. వాడి పక్కటెముకలు నా చేతుల కింద విరిగాయి. ఆపలేదు. పొద్దున్న గేమ్‌కీపర్ వచ్చి నా భుజాలు పట్టుకుని లాగేదాకా ఆపలేదు. పెట్టె మీద నుంచి లేచినవాడు ఎటు పోయాడో నేను తలెత్తి చూడలేదు.

పోలీసులు నన్ను చాలాసార్లు అడిగారు. పెట్టె తీసుకుపోయారు. బయట గొళ్ళేలు ఎవరు వేశారన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒకాయన రాసుకోవడం ఆపి నా వైపు జాలిగా చూశాడు. వాడు లోపలుండగా నేను వేసినట్టు రుజువు దొరకలేదని చివరికి వదిలేశారు. నాకు ఉద్యోగంలో సెలవు ఇచ్చారు. ఇప్పటికీ ఆ సెలవులోనే ఉన్నాను. నా భార్య జ్ఞానకుమారి రోజూ నా కోసం ప్రార్థన చేస్తుంది. నేను పక్కన మోకరిస్తాను.

హేస్‌లో దహనం రోజున కస్తూరి నాతో మాట్లాడలేదు. అపూర్వని నా వైపు రానివ్వలేదు. అది న్యాయమే. నేను చివరి వరసలో నిలబడి, శవపేటిక దహనశాల తెర వెనక్కి వెళ్ళేదాకా చూశాను. వాడు పోయాడు. నా కళ్ళతో చూశాను.

జనవరిలో ఒక సాయంత్రం ఫోన్ మోగింది. కస్తూరి.

"అన్నయ్యా," అంది గుసగుసగా. ఆ పిలుపు వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్షమించిందనుకున్నాను. "మీరు చెప్పింది అబద్ధం కదూ?"

"ఏది కస్తూరీ?"

"ఆయన పోయారన్నది."

"ఏం జరిగిందమ్మా?"

"తలుపు కొట్టారు. చలేస్తోంది, తియ్యి అన్నారు. ఆయన గొంతే అన్నయ్యా... ఎలా తియ్యకుండా ఉంటాను?"

"కస్తూరీ, విను. అపూర్వని ఎత్తుకుని బయటికి వచ్చెయ్యి. చెప్పులు కూడా వద్దు. పక్కింటికి వెళ్ళు. ఇప్పుడే..."

"ఎందుకు?" అంది. గొంతులో సంతోషం. చాలా అలసిపోయిన సంతోషం. "భోంచేస్తున్నారు."

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. ఆ వెంటనే అపూర్వ గొంతు, ఎప్పట్లాగే ఇంగ్లీషులో, గారంగా:

"మమ్, డాడ్స్ స్టిల్ హంగ్రీ."

"వస్తున్నా తల్లీ," అంది కస్తూరి, ఫోన్ పెట్టేసింది.