ఎవరికీ నష్టం ఉండదని...

"వదినా! ఓ వదినా! కాస్త ఈ కాయితం చదివి పెట్టు. తలారి వచ్చి వేలిముద్ర ఏయించుకుని ఇచ్చి పోయాడు. అప్పట్నుంచీ గుండెల్లో ఒకటే దడ!"

చెప్పులైనా విప్పకుండా పంచలోకి వచ్చేసింది పున్నమ్మ. చేటలో మిరపకాయల తొడిమలు తీస్తున్న రెబ్కా చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. ప్రత్తిపాడు దగ్గరి ఆ పాలెంలో పదో తరగతి దాకా చదివిన కోడలు ఆమె ఒక్కతే. ఎవరికి నోటీసు వచ్చినా, ఎవరు ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలన్నా ఆ పంచలోకే వస్తారు. పున్నమ్మ అయితే పరాయిది కూడా కాదు. భర్త యేసుపాదానికి తోడబుట్టిన చెల్లెలు. తన ఆడపడుచు.

మొదటి రెండు వాక్యాలు పైకి చదివింది రెబ్కా. కొత్తగా వేసే హైటెన్షన్ కరెంటు లైను పున్నమ్మ ఎకరం మీదుగా వెళుతుంది, అందులో ఒక టవరు కూడా వస్తుంది. మూడో వాక్యం దగ్గర ఆమె గొంతు ఆగిపోయింది!

'యేసుపాదం పంపుకున్న అభ్యంతరాన్ని పరిశీలించి, పడమటి పక్కన సాగులో లేని బీడు భూమి ఉన్నట్లు అతడు తెలిపినందున, లైనును అటు మార్చడమైనది...'

"ఆగావేం వదినా? ఇంకేం రాశారు?"

"ఏం లేదు... ఆఫీసు మాటలు..." కాగితం మడిచేసింది రెబ్కా.

"అయితే నీకు రాసుకున్నట్టే నాకూ ఒక అర్జీ రాసిపెట్టు. నీ చేతి రాత చూసి మీ పొలంలో నుంచి ఆ లైను తీసేశారుగా! నీ చెయ్యి మంచిది వదినా..." ఆ మాటతో పున్నమ్మ మొహంలో అంత కంగారులోనూ ఒక ధీమా కనిపించింది. ఆ ధీమా చూడలేక రెబ్కా మళ్ళీ చేట ముందుకు లాక్కుంది.

ఆ ఏడాది, అంటే ఎనభై నాలుగు వేసవిలో, సర్వే వాళ్ళు వచ్చి యేసుపాదం మిరప చేలో మేకులు పాతారు. నాలుగేళ్ళు మొగుడూ పెళ్ళాం చెమటోడ్చి తవ్వుకున్న బావి పక్కన, రెండు గదుల ఇల్లు వేసుకుందామని రాళ్ళు తోలించుకున్న చోటే అది! తీగల కింద ఇల్లు కట్టనివ్వరట. వానొస్తే గిన్నెలు పెట్టుకోవాల్సిన పాక నుంచి బయటపడదామనుకున్న రెబ్కా, నాలుగు రోజులు కూర్చుని హైదరాబాదులోని విద్యుత్ బోర్డు పెద్దలకు భర్త పేరున అర్జీ రాసింది. చివర్లో ఒక వాక్యం... 'పడమటి పక్క బీడు భూమి ఉన్నది, లైను అటు జరిపితే ఎవరికీ నష్టం ఉండదు.' ఆ పడమటి పక్క ఎవరిదో ఆమెకు తెలియదా? చీమకుర్తి రాళ్ళ పనికి పోయిన మొగుడు జబ్బు చేసి చనిపోతే, పుట్టింటికి తిరిగొచ్చిన పున్నమ్మకు తండ్రి ఇచ్చిపోయిన ఎకరం అది! దున్నించుకునే దిక్కులేక రెండేళ్ళు బీడు పడిన మాట నిజమే. నిజమే రాశాననుకుంది రెబ్కా. కానీ ఆ మాట రాసేటప్పుడు పేరు రాయకుండా కలం ఎందుకు తప్పించుకుపోయిందో, ఆమె మనసుకు అప్పుడే తెలుసు...

మర్నాడు పొద్దున్నే రెబ్కా ఆ ఎకరానికి వెళ్ళింది. అది ఇప్పుడు బీడు కాదు! కూలి డబ్బులు కూడబెట్టుకుని పున్నమ్మ దున్నించింది, పత్తి గింజ పెట్టింది. నల్లరేగడిలో రెండేసి ఆకులతో మొలకలు వరసగా నిలబడి ఉన్నాయి. పున్నమ్మ వంగి గడ్డి పీకుతోంది.

"పున్నమ్మా... నిన్న నీకు కాయితం సగమే చదివాను. మిగతాది ఇప్పుడు చదువుతాను, విను."

ఒక్క అక్షరం వదలకుండా చదివింది. తాను అర్జీలో రాసిన మాట కూడా చెప్పింది. పున్నమ్మ చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. అరుస్తుందనుకుంది రెబ్కా, తిడుతుందనుకుంది. అరిచి తిట్టినా బాగుండేది!

"ఎవరికీ నష్టం ఉండదని రాశావా?" మెల్లిగా అడిగింది పున్నమ్మ. "మరి నేనెవర్ని వదినా?"

రెబ్కా అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది. పున్నమ్మ ఆమె వంక చూడలేదు, మళ్ళీ వంగి గడ్డి పీక్కుంటూ అవతలి సాలులోకి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఆడపడుచు ఆ గడప తొక్కలేదు. ఆదివారం గుడిలో కూడా దూరంగా, తలుపు దగ్గర కూర్చుంది. ఇంటికొచ్చాక రెబ్కా భర్త ముందు నిలబడింది.

"ఏమయ్యా, తప్పు నాదే. మన అర్జీ వాపసు తీసుకుందామంటే నువ్వేమంటావో... ఇల్లు లేకుండా పోతుంది. పొలం నీ పేరునే ఉంది. నువ్వు సంతకం పెట్టకపోతే నేను చేయగలిగిందేమీ లేదు."

యేసుపాదం తవ్వి తవ్వి కాయలు కాచిన అరచేతుల వంక చూసుకున్నాడు.

"తప్పంతా నీ మీదేసుకోకే. అర్జీ నాకు చదివి వినిపించావుగా! ఆ ముక్క దగ్గర నాకూ చెల్లెలు గుర్తొచ్చింది. నోరు మూసుకుని సంతకం పెట్టా..." కలం తీసి ఆమె చేతికిచ్చాడు. "రాయి. ఈసారీ నేనే పెడతా."

ఇద్దరూ కలిసి గుంటూరు వెళ్ళారు. బ్రాడీపేటలోని ఆఫీసులో భావనారాయణ అనే ఇంజనీరు వాళ్ళ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీశాడు.

"ఏమ్మా, వచ్చిన ప్రతివాళ్ళూ మా పొలంలో వద్దనే రాస్తారు. పోయిందాన్ని మళ్ళీ మీ పొలంలోకే తెమ్మంటున్నారా? బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించకుండా రాసింది మొదటిదండీ," అంది రెబ్కా. "అది బీడు కాదు. మా ఆడపడుచు బతుకు. అసలు బండ్లు పోయే డొంక వెంట పోనిస్తే ఇద్దరికీ బాధ తప్పుతుంది కదండీ?"

ఆయన వారం తర్వాత స్వయంగా వచ్చి చూశాడు. డొంక వంకర్లు తిరిగి ఉంది, లైను అటు తిప్పడం కుదరదన్నాడు. మొదట మేకులు పాతిన దారినే ఖాయం చేసి, బావి పాడవకుండా టవరును మాత్రం ముప్పై గజాలు జరిపించాడు. బావి దక్కింది. ఇంటి చోటు దక్కలేదు!

టవరుకు గోతులు తవ్వే రోజున, కూలీలు రాకముందే మిరప మొక్కలు తీసి వేరేచోట నాటుకుందామని రెబ్కా చేలోకి వెళ్ళింది. అప్పటికే అక్కడ ఎవరో వంగి వేరు చెదరకుండా మట్టిగడ్డతో సహా మొక్కలు తీసి తట్టలో పేరుస్తున్నారు... పున్నమ్మ!

రెబ్కా పక్కన కూర్చుని తనూ మొక్కలు తీయసాగింది. రెండు వరసలు అయ్యాక పున్నమ్మే తలెత్తకుండా అంది, "ఆ రాళ్ళు ఊరికే పడున్నాయిగా. నా చేలో తూర్పు మూల మెరక. తీగలు అటు రావంట, ఇంజనీరు గారిని అడిగా. అక్కడ ఏసుకోండి ఇల్లు."

"వద్దు పున్నమ్మా! నీ చోటు నేను మళ్ళీ..."

"నువ్వు తీసుకోవట్లా, నేను ఇస్తున్నా. రెంటికీ తేడా లేదా?" అప్పుడు తలెత్తింది పున్నమ్మ. కళ్ళ నిండా నీళ్ళు! "నీ మీద నాకింకా కోపముందేమోనని మూడు ఆదివారాలు భయపడ్డావు. నాకు కోపం ఉంది వదినా. కొంచెం ఉంటది కూడా. కానీ నువ్వా మిగతా సగం చదవకుండా దాచుకుంటే నాకెప్పటికి తెలిసేది? నీ అంతట నువ్వే వచ్చి చదివావు. అందుకనే వచ్చా..."

మట్టి చేతులతోనే ఆమెను గుండెలకు హత్తుకుంది రెబ్కా.

మరుసటి ఏడు ఎండాకాలానికి తూర్పు మూల రెండు గదులు లేచాయి. వాటిలో ఒకటి పున్నమ్మది. ఆ ఇంటికి ఒక మధ్యాహ్నం పక్క ఊరి నుంచి ఖాదర్‌బీ అనే రైతు భార్య వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళ చేలోనూ లైను మేకులు పాతారట. బోర్డుకు అర్జీ రాయించుకోవాలట.

"రాస్తాను," అంది రెబ్కా. "ముందు చెప్పు, మీ చేనికి అటూ ఇటూ ఉన్న పొలాలు ఎవరివి?"

"వాళ్ళతో మనకేం పనమ్మా? మా సంగతి రాస్తే చాలదా?"

రెబ్కా కాగితం, కలం పక్కన పెట్టి చెప్పులు వేసుకుంది. "పద ఖాదర్‌బీ. ముందు వాళ్ళ ఇళ్ళకు పోయి మాట్లాడదాం. అర్జీ ఆ తర్వాత."

లోపల్నుంచి పున్నమ్మ కూడా వచ్చి తలుపు దగ్గరకు వేసి, వాళ్ళ వెనకే బయలుదేరింది.