మూసుకుపోయే నోళ్ళు

బడి వెనక గోడౌనులోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. అందులో నాటకాల కోసం చేసి ఆరబెట్టిన కాగితపు ముఖాలకు తెల్లారేసరికి నోళ్ళు మూసుకుపోతాయని చెప్పుకుంటారు. సాయంత్రం పిల్లలు నోళ్ళు కత్తిరించి పెట్టి వెళ్తారు... పొద్దున చూస్తే అక్కడ నోరుండదు. నున్నగా, చర్మం కప్పినట్టు—

మా చెల్లెలు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మరిచిపోకముందే.

చుట్టుపక్కల పల్లె బడుల్లో బొమ్మలు, నాటకాలు నేర్పించే ఏర్పాట్లు చూసే కోఆర్డినేటర్ ఉద్యోగం ఒకప్పుడు నాది. ఇప్పుడు ఒక కుర్రపిల్ల చేస్తోంది. నేను తిరిగిన దారులే, నా జిగురు బకెట్టే. పిల్లలు "అక్కా, అక్కా" అంటూ ఆమెను చుట్టేస్తారు. నన్ను ఏనాడూ "మేడమ్" దాటి పిలవలేదు. ముఖాలకు నోళ్ళు కత్తిరించడం నేను ఒప్పుకునేదాన్ని కాదు; అవి పెట్టుకున్న పిల్లలు ఒంటితోనే మాట్లాడాలి. ఈమె వస్తూనే అన్నిటికీ నోళ్ళు తెరిపించింది. అది విని నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రదర్శన దగ్గరపడింది. అధికారులకు నచ్చకపోతే పల్లెల్లో బొమ్మల క్లాసులే ఎత్తేస్తారట. ఇక్కడ చూస్తే పిల్లలు దెయ్యానికి జడిసి రావడం మానేస్తున్నారు. "దాని సంగతేదో నేనే తేలుస్తా" అని ఆ పిల్ల ఒక సాయంత్రం గోడౌనులో బల్ల కింద దూరి కూర్చుంది.

చీకటి పడింది. మైదా జిగురు వాసన... ఆరుతున్న కాగితం ఎక్కడో టిక్కుమంటోంది...

వెనక తలుపు గడియ కదిలింది. ఆ గడియ పైకెత్తి లాగితే గానీ రాదు. అది తెలిసిన చెయ్యే లాగింది.

ఎవరో లోపలికి వచ్చారు. తడుముకోలేదు. ఆ చీకట్లో తిన్నగా బకెట్టు దగ్గరికి నడిచారు. కాగితం చిరుగుతున్న చప్పుడు — ఆగింది — మళ్ళీ చప్పుడు. తర్వాత గుసగుస:

"నోరు మూసుకో నాన్నా... మూసుకో..."

ఆ పిల్ల టార్చి వేసింది. వేసి — వెంటనే ఆర్పేసింది.

"ఏం కనిపించిందట?" అని చెల్లెల్ని అడిగాను.

"తినక్కా, చల్లారిపోతోంది" అంది చెల్లెలు.

"అరిచిందా?"

"లేదు. అది బయటికి వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుందట. తర్వాత దూరంగా దాని వెనకే నడిచిందట."

"దెయ్యం వెనకా! ఎందుకే?"

"చీకట్లో ఎక్కడైనా పడిపోతుందేమోనని."

"దెయ్యాలు పడిపోతాయిటే!" అని నవ్వాను. చెల్లెలు నవ్వలేదు.

మర్నాడే ఆ పిల్ల మా గుమ్మంలో నిలబడి చెల్లెలితో ఏదో గుసగుసలాడింది. నన్ను చూసి ఆపేసింది. ఆ ఉద్యోగం చేసినదాన్ని నేనైతే, కబుర్లు దీనితోనా!

నిన్న చెల్లెలు నన్ను ప్రదర్శనకు తీసుకెళ్ళింది. గోడ నిండా నోళ్ళు తెరుచుకున్న ముఖాలు. అధికారులు తెగ మెచ్చుకుంటున్నారు. సరిగ్గా మధ్యలో ఒక్క ముఖం వేలాడుతోంది... దానికి నోరు లేదు.

దగ్గరికి వెళ్ళి దాన్ని వేలితో తడిమాను. ఎక్కడా అతుకు కనబడదు. అంత పనితనం నాకే ఏనాడూ రాలేదు.

"ఎవరు చేశారే ఇది?" చెల్లెలి చెవిలో అడిగాను. "ఆ పిల్లేనా?"

చెల్లెలు నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గోళ్ళ సందుల్లో ఎండిపోయిన జిగురును మెల్లగా గీకసాగింది.