ఎడమ గోడకు కడ్డీ

“కదలకండి మేడమ్. కొలత తప్పితే మళ్లీ నన్నే తిడతారు.”

“ముప్పావుగంట ఆలస్యంగా వచ్చారు. తిట్లు ఎప్పుడో మొదలవ్వాల్సింది.”

ఇరుకు బాత్రూమ్. రెండు పక్కలా గోడలు. మూత వేసిన కమోడ్ మీద, రేపు పిన్ని ఎలా కూర్చుంటుందో అలా కూర్చుని చూపిస్తోంది ఆమె. పిన్ని అని పిలవడమే గానీ, నిజానికి ఆమెకు చుట్టం కాదు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయి, పదకొండేళ్లుగా వికలాంగుల హోమ్‌లో ఉన్న మనిషి. వచ్చేవారం ఈ ఒంటిగది ఇంట్లో తనంతట తను కాపురం పెట్టబోతోంది. అలాంటివాళ్లకి ఇల్లు కుదిర్చి, వారంలో మూడుసార్లు వెళ్లి మంచీచెడూ చూసే ఆఫీసు ఆమెది. ఆ ఇళ్లలో పట్టుకుని లేచే కడ్డీలు, ర్యాంపులు బిగించే వడ్రంగి అతను.

“పిన్నికి కుడిచెయ్యి పనిచెయ్యదు, గుర్తుంచుకోండి.” ఆమె కుడిచేతిని వెనక దాచుకుని, లేవడానికన్నట్టు ఎడమచెయ్యి గాల్లోకి చాపింది.

“గాలిని పట్టుకుని లేవలేరు మేడమ్. నా చెయ్యి ఇమ్మంటారా?”

“టేపు సరిగ్గా పట్టుకోవడం రానివాళ్ల చెయ్యి నాకెందుకు?”

అతను నవ్వాడు. ఎదురుగా నిలబడి, ఆమె మొహం మీంచి చూపు తిప్పకుండానే గోడ మీద పెన్సిల్ గీత గీశాడు. తన ఎడమవైపు.

మర్నాడు కడ్డీ బిగించాడు. ఆమె వచ్చి, తన కుడిచేత్తో రెండుసార్లు లాగి చూసి, గట్టిగానే ఉందని ఫారం మీద సంతకం పెట్టింది. బయట వాన. ఒకే గొడుగులో బస్టాపు దాకా నడిచారు. గొడుగు పెద్దదే అయినా, ఇద్దరూ అది చాలనట్టే నడిచారు.

పిన్ని ఆ ఇంట్లో దిగిన మర్నాడు తెల్లవారుతూనే పడిపోయింది. ఆమె వచ్చి తలుపు తీయించేసరికి, పడి నాలుగు గంటలు దాటింది. తడినేల మీద పిన్ని పెదవులు నీలంగా ఉన్నాయి.

“కడ్డీ చచ్చిన చేతివైపు పెట్టారే అమ్మాయ్,” అంది పిన్ని. కోపం లేదు గొంతులో. వింటున్న ఆమెకు అదే ప్రాణం తీసినట్టయింది.

తుంటి ఎముక చీలిందన్నారు డాక్టర్లు. ఆఫీసులో సూపర్‌వైజర్ తలెత్తకుండానే చెప్పాడు. “ఒంటరిగా ఉండలేని మనిషని రాసెయ్. హోమ్‌కి పంపేద్దాం. వడ్రంగి మీదికి తోస్తే నీ సంతకం కూడా బయటికొస్తుంది.”

ఆస్పత్రిలో పిన్ని ఆమె చున్నీ కొస పట్టుకుంది. “అక్కడికి పంపకే. లైటు ఎప్పుడు ఆర్పాలో కూడా వాళ్లే చెప్తారు. నా తలుపు నేను వేసుకున్నది ఒక్క రాత్రే.”

వరండాలో అతను గోడకానుకుని నిలబడి ఉన్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

“రిపోర్టులో నా తప్పని రాయి,” అన్నాడు. ఏకవచనంలోకి ఎప్పుడు దిగారో ఇద్దరికీ తెలీదు.

“రాస్తే నీకింక ఇక్కడ పని ఉండదు.”

“రాయకపోతే ఆవిడకి ఇల్లుండదు. ఆ రోజు నీ మొహం చూస్తూ గీత గీశాను. అదీ రాయి.”

“దానికి ఫారంలో గడి లేదు,” అని నవ్వబోయి ఏడ్చేసింది.

తప్పు గోడకు బిగించింది అతనని, చూడకుండా సంతకం పెట్టింది తనని, పిన్ని తప్పేమీ లేదని రాసింది. అతని పని పోయింది. ఆమెను బయట తిరగనివ్వకుండా ఫైళ్ల గదిలో కూర్చోబెట్టారు. పిన్ని ఇల్లు మాత్రం పిన్నికే ఉంచారు.

రెండు నెలలకి పిన్ని తిరిగొచ్చింది. ఆమె సెలవు పెట్టుకుని వెళ్లింది. అతను ఎవరూ పిలవకుండానే డ్రిల్లు, కొత్త కడ్డీ పట్టుకొచ్చాడు.

“ఈసారి నా మొహం చూడరా నాయనా, దాని మొహం కాదు,” అంది పిన్ని, కమోడ్ మీద సర్దుకుని కూర్చుంటూ.

ఎడమ గోడకు కడ్డీ ఎక్కింది. పిన్ని దాన్ని పట్టుకుంది. సగం లేచి, ఒక పక్కకి ఒరిగింది. అతను ముందుకు కదలబోతే, ఆమె అతని చొక్కా చెయ్యి పట్టి ఆపింది. సాయం చెయ్యకుండా నిలబడటం ఆమె ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

పిన్ని లేచి నిలబడింది.

“నా సంగతి నేను చూసుకున్నాను. ఇక మీ సంగతి మీరు తేల్చుకోండి. నా గుమ్మంలో మాత్రం కాదు, నేను తలుపేసుకోవాలి.”

బయట సన్నగా వాన. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు.

“పని లేనివాణ్ణి. అయినా అడుగుతున్నా,” అన్నాడతను. “చెయ్యిస్తావా?”

“ఏ చెయ్యో చూసి మరీ పట్టుకో,” అంది ఆమె, రెండూ చాపుతూ.

వెనక లోపలి గడియ పడిన చప్పుడైంది.